ఎర్ర మెషీన్, నీలం మెషీన్, ఆదాము చెయ్యి

"రెండు మెషీన్లూ మంచియే అని తేలిందనుకో బిడ్డా, అప్పుడు చెడిపోయింది నేనే అన్నట్టు గద?"

ఈ మాట అన్నప్పుడు ఆదాము ప్రహరీ గోడకు అవతల నిలబడి, కుడిచేతిని ఎడమ చంకలో గట్టిగా అదిమి పట్టుకుని ఉన్నాడు. దొరికిన దొంగను పోలీసులు వచ్చేదాకా పట్టుకున్నట్టుంది ఆ వాలకం. గోడకు ఇవతల సుబ్బరత్నం. ఆమె భుజం మీద, నడి మే నెలలో చెవులు కప్పేలా ఊలు టోపీ పెట్టుకుని, ఎవరి మీదా ఫిర్యాదు లేనట్టు నిద్రపోతున్న పాప.

"చెడిపోవడమేంటి బాబాయ్, మీరేమన్నా పాలా?" అంది సుబ్బరత్నం.

"పాలు నయం. విరిగితే కోవన్న చేస్కుంటరు. వెల్డర్ చెయ్యి వణికితే ఏం చేస్తరు?"

అది తొంభై ఏడో సంవత్సరం. మణుగూరులో గని కార్మికుల ఇళ్ళ వరస ఎక్కడ ఆగిపోతుందో అక్కడ ఆదాము ఇల్లు. దాని తర్వాత టేకు చెట్లే. ఇంటి పక్కన రేకుల షెడ్డు, షెడ్డు ముందు విరిగిన ట్రాలీ కొక్కేలు, కాళ్ళు ఊడిన మంచాలు, తలుపు లేని బీరువాలు. దవాఖానా ముందు చుట్టాలు కూర్చున్నట్టు అవన్నీ వరసగా తమ వంతు కోసం చూస్తుండేవి.

ఆదాము పుట్టింది అశ్వారావుపేట అవతల ఒక చిన్న పల్లెలో. వాళ్ళ చర్చి గంట ఊడిపడితే, దాన్ని అతికించడానికి సత్తుపల్లి నుంచి ఒక వెల్డరు వచ్చాడట. ఆ వెలుగును చూడొద్దని ఊరంతటికీ చెప్పారు. ఊరంతా చూడలేదు, ఆదాము చూశాడు. ఆ రాత్రంతా కళ్ళలో కారం పోసినట్టు మండి ఏడుస్తుంటే తల్లి ఆలుగడ్డ ముక్కలు కోసి కళ్ళ మీద పెట్టింది. తెల్లారి కళ్ళు తెరిచి అతను అన్న మొదటి మాట, "ఆయన పోయిండా, ఇంకా ఉన్నడా?" అని. అలా మొదలైంది ఆ పిచ్చి.

తర్వాత గని వర్క్‌షాపులో వెల్డరయ్యాడు. పని ఎంత నేర్చాడో కొంటెతనం కూడా అంతే నేర్చాడు. ఒకసారి తన మీద ఊరికే అరిచిన ఫోర్‌మన్ ఇనుప కుర్చీని, ఆయన భోజనానికి పోయినప్పుడు కింద పరిచిన ఇనుప పలకకు నాలుగు చుక్కలతో అతికించేశాడు. ఫోర్‌మన్ వచ్చి కూర్చుని, కుర్చీ జరుపుకోబోయి, అది జరగక, తన నడుమే పట్టేసిందనుకుని రెండు రోజులు సెలవు పెట్టాడు. ఆయనకు నడుం నొప్పి తగ్గాలని చర్చిలో ప్రార్థన కూడా చేయించింది ఆదామే.

రిటైరు కాకముందే ఉద్యోగం వదులుకుని సొంత షెడ్డు వేసుకున్నాక ఆ బుద్ధి ఇంకా వికసించింది. గేటు చేయించుకునే ఇంట్లో అత్తగారు ఉందా లేదా అని ముందే విచారించేవాడు. ఉంటే, ఆ గేటు తెరిచినప్పుడల్లా వీధి చివరిదాకా కిర్రుమనేటట్టు మడతబందు బిగించేవాడు. "లోపలున్న కోడలికి ముందుగాల తెలవాలె గద, పాపం" అనేవాడు. ఆ కాలనీలో కోడళ్ళెవరూ ఆదాము గేటుకు నూనె వెయ్యనిచ్చేవాళ్ళు కాదు.

అలాంటి మనిషికి చెయ్యి వణకడం మొదలైంది. ఊరికే ఉన్నప్పుడు బుద్ధిగానే ఉంటుంది. ఏదైనా పట్టుకుని పని మొదలుపెడితేనే వణుకు. "నలభై ఏండ్లు చాకిరి చేసి ఇప్పుడు సోమరిదైంది. పని అనంగనే జ్వరం తెచ్చుకుంటది" అని తనలో తాను తిట్టుకునేవాడు. ఎవరికీ తెలియకుండా భద్రాచలం పోయి డాక్టరుకు చూపించుకున్నాడు. ప్రాణానికి భయం లేదన్నాడు డాక్టరు, కొందరికి వయసుతో వస్తుందన్నాడు, మందు కూడా రాశాడు. ఆ మందుతో వణుకు కొంచెం తగ్గింది గానీ నిద్ర ఎక్కువైంది. వణికే వెల్డరుకన్నా నిద్రపోయే వెల్డరు ప్రమాదమని ఆదాము మందు మానేశాడు.

ఇంట్లో చెప్పలేదు. భార్య మరియకు తెలిస్తే ఆ రోజే షెడ్డుకు తాళం పడుతుందని అతని భయం. ఆమె చర్చి పాటల బృందానికి పెద్ద. ఆమె గొంతెత్తితే పాస్టరు కూడా కూర్చుంటాడు. షెడ్డు లేకపోతే తాను పొద్దున లేచి ఏం చెయ్యాలి? పిచ్చయ్య హోటల్ ముందు బల్ల మీద కూర్చుని, పోయే బొగ్గు లారీలను చూస్తూ బతకాలి. ఆ బల్ల మీద అప్పటికే అలాంటివాళ్ళు కొందరున్నారు. ఆదాముకు వాళ్ళను చూస్తే చావుకన్నా ఎక్కువ భయం.

సుబ్బరత్నానికి ఎలా తెలిసిందంటే, ఆమె కంటికి ఏదీ దాగదు గనుక. సత్తుపల్లి దగ్గరి పిల్ల, కెమిస్ట్రీ చదివింది, భర్త ఉద్యోగం వల్ల ఈ పక్కింట్లో అద్దెకు దిగింది. పాప పుట్టాక చదివిందంతా భయంగా మారింది. పాప తుమ్మితే నిమ్ము చేసిందేమో, తుమ్మకపోతే ముక్కు మూసుకుపోయిందేమో. షెడ్డు వెలుగు పాప కళ్ళకు తగులుతుందని ఆమె వచ్చిన వారంలోనే తగువు పెట్టుకుంటే, ఆదాము గోడ మీదుగా పెద్ద రేకు తడిక నిలబెట్టి ఇచ్చాడు. తర్వాత పాప ఉయ్యాలకు గొలుసు చేసిచ్చాడు. ఆ గొలుసును కొక్కేనికి తగిలించబోయినప్పుడు చెయ్యి వణికి, గొలుసు గలగలమంది. సుబ్బరత్నం అడిగేసింది. ఆదాముకు అబద్ధం తట్టలేదు. అతని జీవితంలో అబద్ధం తట్టకపోవడం అదే మొదటిసారి.

ఆమెతోనే ఆలోచన కూడా చేశాడు. రాడ్ వెల్డింగ్‌లో మూరెడు రాడ్డును పిడితో పట్టుకోవాలి. చెయ్యి కొంచెం వణికితే రాడ్డు కొస బాగా ఊగుతుంది. పైగా రాడ్డు కరుగుతుంటే చెయ్యి దించుకుంటూ పోవాలి. అదే మిగ్ మెషీన్ అయితే, చేతిలో పొట్టి టార్చి ఉంటుంది. దాని మీట నొక్కితే సన్నటి తీగ దానంతటదే లోపల్నించి వస్తుంది, చుట్టూ గ్యాసు వస్తుంది. మోచెయ్యిని డొక్కకు ఆనించి పని చెయ్యొచ్చు. వర్క్‌షాపులో చివరి రోజుల్లో కుర్రాళ్ళు దాంతో చేస్తుంటే దూరం నుంచి చూశాడు తప్ప తాను ముట్టుకోలేదు. అప్పుడు దాన్ని చూసి "గిది వెల్డింగా, కుట్టు మిషనా" అని వెక్కిరించాడు కూడా.

ఊళ్ళో మాత్రం వేరే కారణం చెప్పాడు. "బీరువాలు, కూలర్ డబ్బాలు పల్చటి రేకు. రాడ్డు పెడితే చిల్లు పడ్తది. గందుకే మిగ్ తెస్తున్న." అది అబద్ధం కాదు. సగం నిజం చెప్పి మిగతా సగం చంకలో దాచుకున్నాడు, అంతే.

మెషీన్లు రెండు తేలాయి. ఎర్రది హైదరాబాదుది, నీలంది విజయవాడది. సుబ్బరత్నం రెండింటి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. బలం అదే, తీగ లావు అదే, చక్రాలు అవే, సిలిండర్ పెట్టుకునే వెనకభాగం కూడా అదే. "కవల పిల్లల్లా ఉన్నాయి బాబాయ్. రంగే తేడా" అని తేల్చింది. తేల్చి, మళ్ళీ చదివింది. మళ్ళీ అదే తేలినందుకు ఆమెకు నిద్ర పట్టలేదు.

పిచ్చయ్య హోటల్ దగ్గర మాత్రం అంత సులభంగా తేలలేదు. ఖమ్మం జిల్లా మనిషికి పెళ్ళి బట్టలకైనా, పెద్ద జబ్బుకైనా హైదరాబాదు పోవాలా, విజయవాడ పోవాలా అన్న తగువు పుట్టుకతో వస్తుంది. ఇప్పుడది మెషీన్ మీదికి మళ్ళింది. "విజయవాడోళ్ళు మోటార్లు చేసుడుల మొనగాళ్ళు" అని ఒకరు, "హైదరాబాదుది అంటే రాజధాని సరుకు" అని ఒకరు. మెషీన్‌ను కళ్ళతో చూడనివాళ్ళే ఎక్కువ గట్టిగా మాట్లాడారు. ఆదాము రెండు పక్షాల దగ్గరా టీ తాగాడు.

చివరికి ఎస్టీడీ బూతు నుంచి ఇద్దరు ఏజెంట్లకూ ఫోన్ చేశాడు. మెషీన్ తెచ్చి పని చేసి చూపించమన్నాడు. ఒకే రోజు రమ్మన్నాడు. రెండోవాడు వస్తున్నాడని ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు.

పొద్దున్నే జీపులో ఎర్ర మెషీన్ దిగింది. దాంతో రూప్‌సింగ్ దిగాడు. ఇల్లెందు దగ్గరి తండా కుర్రాడు, హైదరాబాదు కంపెనీకి ఏజెంటు, నవ్వు మొహం. అతను తాడు విప్పుతుండగానే ఆటో ట్రాలీలో నీలం మెషీన్ వచ్చింది. దాని పక్కన, మడత నలగని తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కాతో వెంకటప్పయ్య. యాభై దాటిన మనిషి, విజయవాడ కొట్టు తరఫున ఊరూరూ తిరిగేవాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏంటండీ ఆదాము గారూ, సంబంధానికి ఇద్దరు పెళ్ళికొడుకుల్ని ఒకేసారి పిలిచారా?" అన్నాడు వెంకటప్పయ్య.

"పిల్ల సక్కగ చూస్కుంటది గదండి" అన్నాడు ఆదాము, తల వంచుకుని సిగ్గు నటిస్తూ.

ఎండ ముదరకముందే ఇద్దరూ తమ తమ మెషీన్ల మీద రేకు ముక్కలు అతికించి చూపించారు. రెండు అతుకులూ అచ్చు గుద్దినట్టు వచ్చాయి. ఒకే జడలోని రెండు పాయల్లా ఉన్నాయి. ఆదాము రెండింటినీ వేలితో తడిమాడు. గోడ దగ్గర సుబ్బరత్నానికి చెప్పిన మాట నిజమైంది. మెషీన్లు రెండూ మంచివే. ఇక తేలాల్సింది ఒక్కటే.

అది అందరి ముందూ తేలడం అతనికి ఇష్టం లేదు.

"ముందుగాల తినుర్రి. తర్వాత నేను పట్టి చూస్త" అన్నాడు.

"ఇంత పొద్దున్నే భోజనమేంటండీ?" అన్నాడు వెంకటప్పయ్య.

"మా మరియ నాటుకోడి వండింది. చల్లారితే ఆమెకు కోపమొస్తది. ఆమెకు కోపమొస్తే మీ రెండు మెషీన్లు బయటికి పోతయ్."

వరండాలో చాపలు పడ్డాయి. మరియ విస్తళ్ళు వేసింది. అప్పటికి రేకుల షెడ్డు పెనంలా కాగుతోంది. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క నిలువు ఫ్యాను. మరియ ఒక్క క్షణం ఆలోచించింది. తినేవాళ్ళు చుట్టాలతో సమానం, వాళ్ళకు గాలి లేకపోతే మర్యాద కాదు. అక్కడ షెడ్డులో మొగుడు చెమటలు కక్కుతున్నాడు, అతనికి గాలి లేకపోతే న్యాయం కాదు. వరండా, షెడ్డు కలిసే మూల మీద ఫ్యాను నిలబెట్టి, అటూ ఇటూ తిరిగేలా దాని తల మీది బుడిపె నొక్కింది. ఒక ఊపు చుట్టాలకు, ఒక ఊపు మొగుడికి.

ఆదాము నల్లద్దం మొహానికి పెట్టుకున్నాడు. ముందు ఎర్ర మెషీన్ టార్చి తీసుకున్నాడు. మోచెయ్యి డొక్కకు ఆనించాడు, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. మీట నొక్కాడు. తీగ బుసకొడుతూ వచ్చింది. జానెడు దూరం పోయి ఆపి, అద్దం తీసి చూశాడు.

మొదట రెండు వేళ్ళ మేర ముత్యాల్లా వచ్చింది. తర్వాత రెండు వేళ్ళ మేర, దోసె మీద లేచినట్టు చిల్లులు. మళ్ళీ బాగుంది. మళ్ళీ చిల్లులు.

నీలం మెషీన్ తీసుకున్నాడు. అదే వరస. కొంచెం ముత్యాలు, కొంచెం దోసె.

ఇంకో రేకు తీసుకున్నాడు. ఇంకొకటి. ప్రతిసారీ అంతే. వణుకు కూడా అలాగే వచ్చి పోతుంది కదా, కాసేపు ఉండి కాసేపు ఉండదు కదా అనుకున్నాడు. చెయ్యి ఎక్కడెక్కడ వణికిందో ఇనుము మీద రాసిపెట్టినట్టుంది. సన్నాసి చెయ్యి, రాసినా అందరికీ అర్థమయ్యేలా రాసింది.

వరండాలోంచి మరియ గొంతు వినిపిస్తోంది. "ఇంకో ముక్క ఏస్కోర్రి. మీ మెషీన్ల గురించి చెప్పుర్రి, నాకు తెల్వక అడుగుతున్న..." ఆమె వాళ్ళను ఏవేవో అడుగుతూ కొసరి కొసరి వడ్డిస్తోంది. ఎంత నయం, ఆమె ఇటు చూడలేదు. ఆదాము చెడిన రేకులన్నీ ఏరి బల్ల కిందికి తోశాడు. పిచ్చయ్య హోటల్ ముందు బల్ల కళ్ళకు కట్టింది. దాని కుడివైపు చివర ఖాళీ ఉంటుంది.

వాళ్ళు చేతులు కడుక్కుని వచ్చేసరికి అతను నిర్ణయం తీసుకున్నాడు. తన చెయ్యి చెడ్డదని ఒప్పుకోవడం కంటే రెండు మెషీన్లూ చెడ్డవనడం తేలిక.

"నాకు రెండూ నచ్చలే. తీస్కపోర్రి" అన్నాడు.

"అయ్యో, ఎందుకు కాకా?" అన్నాడు రూప్‌సింగ్.

"నీది ఎర్రగున్నది. ఇక్కడ ఎడ్లబండ్లు మరమ్మతుకొస్తయ్. ఎద్దు బెదిరి పొడుస్తది."

"మరి మాది నీలం కదండీ?" అన్నాడు వెంకటప్పయ్య.

"మీది మూలుగుతది. మా అత్త గట్లనే మూలిగేది. పనిల ఉన్నప్పుడు ఆమె గుర్తుకొస్తే నాకు మంచిగుండదు."

"మా అమ్మ పోయి ఇన్నేండ్లయింది, ఇంకా ఆమె మీద పడుతున్నవా?" అంది మరియ లోపల్నించి.

రూప్‌సింగ్ నవ్వాడు గానీ వెంకటప్పయ్య నవ్వలేదు. ఆయన ఎండలో దుమ్ము తిని ఇంత దూరం వచ్చాడు. "అలా కాదండీ. మూలుగు సంగతి తర్వాత. మీరు ఒక్కసారి మా ముందు పట్టి చూపించండి. లోపమేంటో మాకూ తెలియాలిగా."

"అవ్ కాకా, గది న్యాయం" అన్నాడు రూప్‌సింగ్.

ఆదాము తప్పించుకోవడానికి దారి వెతుకుతుండగా గోడ అవతలి నుంచి సుబ్బరత్నం గొంతు వచ్చింది. గొంతు వెనకే ఆమె వచ్చింది. పాప ముక్కు మీద తడి గుడ్డ.

"పిన్నీ, మీ ఫ్యాను ఇటు తిరిగినప్పుడల్లా షెడ్డులో పొగంతా మా కిటికీలోకే వస్తోంది. పాప దగ్గింది."

"ఎన్నిసార్లు దగ్గింది?" అంది మరియ.

"ఒకసారి. కానీ లోతుగా దగ్గింది."

మరియ పాప మొహం చూసింది. పాప గుడ్డను చప్పరిస్తూ సంతోషంగా ఉంది. అయినా తల్లి బాధ తల్లిది గనుక, వెళ్ళి ఫ్యాను ఆపేసింది. షెడ్డులో గాలి బిగుసుకుపోయింది. వెంకటప్పయ్య తెల్ల చొక్కా వీపుకు అంటుకుంది. ఆయన మాత్రం కదల్లేదు. తన నీలం మెషీన్ టార్చి తీసి ఆదాము చేతిలో పెట్టాడు.

ఇక దారి లేదు. ఆదాము సుబ్బరత్నం వైపు చూశాడు. సంగతి తెలిసింది ఆమెకొక్కదానికే. ఆమె పాపను ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. పాపకు అది నచ్చక ఒక కేక పెట్టింది. ఆ కేకలోనే ఆదాము నల్లద్దం దించి మీట నొక్కాడు.

జానెడు అతికించాడు. ఆపాడు. అద్దం తియ్యడానికి మనసు రాలేదు.

"ఏంది కాకా, గింత మంచిగొస్తే నచ్చలేదంటవు?" అన్నాడు రూప్‌సింగ్.

అద్దం తీసి చూశాడు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ముత్యాలే. కొంచెం వంకర ఉంది, పాము పాకినట్టు అటూ ఇటూ పోయింది, నిజమే. కానీ ఒక్క చిల్లు లేదు. ఎర్రదానితోనూ చేశాడు. అదీ అంతే. ఆదాము తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. అది ఇంకా వణుకుతూనే ఉంది. వణుకుతూనే ఇంత పని చేసిందా?

ఇంతలో రూప్‌సింగ్ కాలికి బల్ల కింది రేకులు తగిలాయి. ఒకటి తీశాడు, ఇంకొకటి తీశాడు, వరసగా పెట్టాడు. నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ఆపుకోలేక బల్ల మీద కూలబడ్డాడు.

"కాకా, గివి చేసేటప్పుడు ఫ్యాన్ తిరుగుతున్నదా?"

"తిరుగుతున్నది. ఏమాయె? నేను జిందగీ అంత ఫ్యాన్ కిందనే వెల్డింగ్ చేసిన."

"గది రాడ్డు కాకా. రాడ్డు మీద మందు ఉంటది, కరిగిన ఇనుము మీద అదే గట్టి పొర కడ్తది. గిండ్ల మందు లేదు. గ్యాసే దుప్పటి. ఫ్యాన్ గాలి తగిలితే దుప్పటి లేసిపోతది. లేసినకాడల్ల చిల్లులు." అతను రేకు మీద వేలు పెట్టి చూపించాడు. "ఇగో, ఇక్కడ ఫ్యాన్ మా దిక్కు తిరిగింది. మేం కోడికూర తింటున్నం. ఇగో, ఇక్కడ నీ దిక్కు తిరిగింది. ఇక్కడ మళ్ల మా దిక్కు..."

"అయితే ఈ ముక్క దగ్గర నేను పెరుగు పోసుకుంటున్నానన్న మాట" అన్నాడు వెంకటప్పయ్య, ఒక రేకును శ్రద్ధగా పరిశీలిస్తూ.

అందరూ మరియ వైపు చూశారు.

"గాలి పెట్టుడు కూడ తప్పేనా?" అంది ఆమె.

"కాపురంల ఒక్కపారి మొగునికి గాలి తగలాలని నీకనిపించింది. గదే రోజు గాలి పనికిరాని మెషీన్ ఇంటికొచ్చింది. నా అదృష్టం గట్లున్నది" అన్నాడు ఆదాము. అంటూనే ఒకసారి దగ్గాడు. సుబ్బరత్నం వెంటనే, "పొగ పీల్చారా బాబాయ్?" అంది.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. మెషీన్లు రెండూ మంచివే, మనిషీ మంచివాడే. ఏది ఉంచాలి, ఏది పంపాలి? రూప్‌సింగ్ తనది అన్నాడు, వెంకటప్పయ్య తనది అన్నాడు. సుబ్బరత్నం మళ్ళీ కాగితాలు తెస్తానంది. ఆదాము ఎర్రదాని వైపు అడుగేశాడు, కుర్రాడు నవ్వు మొహంవాడని. మరియ వంటగది గడప దగ్గరి నుంచి పిలిచింది.

"నీలంది ఉంచు" అంది మెల్లగా.

"ఎందుకు? నీకు వెల్డింగ్ ఎప్పటి సంది తెలుసు?"

"దానికి ఒక బొత్తం ఉన్నదంట. అది ఏస్తే, టార్చి మీట ఒకపారి నొక్కి వదిలిపెట్టొచ్చంట. అదే కాలుకుంట పోతదంట, మళ్ల నొక్కితే ఆగుతదంట. ఎర్రదానికి పని అయ్యేదాక నొక్కి పట్టుకోవాలె. కాగితంల రాయలేదంట. తింటున్నప్పుడు అడిగిన."

"అయితే ఏంది?"

"అయితే ఏందంటే, గంటసేపు నొక్కి పట్టుకుంటే వేలు అలిసి ఇంకింత వణుకుతది."

ఆదాము చెయ్యి తనంతట తానే చంకలోకి పోయింది. "ఎవరి వేలు?"

"మా పెదనాయన కొడుకు వేలు. వాళ్ళను గట్లనే, ఆయన పేరు చెప్పి అడిగిన" అంది మరియ. తర్వాత అతని మొహం చూసి, గొంతు ఇంకా తగ్గించింది. "నీకు గ్లాసుల సగమే ఛాయ్ ఎందుకు పోస్తున్ననో ఎన్నడన్న అడిగినవా?"

"పాలు తక్కువైనయనుకున్న."

"తొణికితే నువ్వు సిగ్గుపడ్తవని."

ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఇద్దరు దాచారు, ఒక్క చేతినే. తాళం వెయ్యాలనుకుంటే ఆమె ఎప్పుడో వేసి ఉండేది.

"అయితే ఇయ్యాల నిండ పొయ్యి" అన్నాడు.

నిండు గ్లాసు పట్టుకుని షెడ్డులోకి నడిచాడు. దాచలేదు, రెండో చెయ్యి ఆనించలేదు. అడుగడుక్కీ టీ తొణుకుతూ వచ్చింది. వెంకటప్పయ్య ముందుకు వచ్చి అందుకోబోయేసరికి సగం టీ ఆయన తెల్ల ప్యాంటు మీద పడింది.

"గిదండి నా చెయ్యి" అన్నాడు ఆదాము అందరికీ వినపడేలా. "పని పట్టుకుంటే వణుకుతది. గందుకే నొక్కి వదిలే మెషీన్ కావాలె. మీది ఉంచుర్రి."

వెంకటప్పయ్య తన ప్యాంటు చూసుకున్నాడు, ఆదాము చెయ్యి చూశాడు. "ఈ ముక్క ముందే చెప్పి ఉంటే నల్ల ప్యాంటు వేసుకొచ్చేవాణ్ణి కదండీ" అన్నాడు. అందరికన్నా ముందు నవ్వింది ఆదామే.

రూప్‌సింగ్ ఎర్ర మెషీన్‌ను జీపెక్కిస్తూ, "కాకా, మా దాంట్ల కూడ గా బొత్తం వస్తది వచ్చే ఏడు" అన్నాడు.

"అప్పటిదాక నా చెయ్యి ఆగుతదా?" అన్నాడు ఆదాము. మరియ కట్టిచ్చిన కోడికూర టిఫిన్ డబ్బాను జీపులో పెట్టింది కూడా అతనే.

నీలం మెషీన్ షెడ్డులో మూలుగుతూ పని మొదలుపెట్టింది. బీరువాలు, కూలర్ డబ్బాలు, చుట్టుపక్కల గూడేల బండి ఇరుసులు, అత్తలున్న ఇళ్ళ గేట్లు. ఆదాము అతుకు కొంచెం వంకరగా పోతుంది. అడిగితే, "సంతకం" అనేవాడు. మెషీన్ నడుస్తున్నప్పుడు ఫ్యాను ఆపుతాడు గనుక, షెడ్డుకు కబుర్లకొచ్చేవాళ్ళు తగ్గిపోయారు. అదొక లాభమన్నాడు.

కానీ పిచ్చయ్య హోటల్ దగ్గర తగువు తెగలేదు. "హైదరాబాదుది తేవాల్సింది" అని హైదరాబాదు పక్షం వాళ్ళు కనిపించినప్పుడల్లా అనేవాళ్ళు. కొన్నాళ్ళకు బస్టాండు పక్కన ఒక కొట్టు తెరిచారు. దాని అద్దం వెనక ఎర్ర మెషీనే, ఇంకా కొత్తది, రెండు బొత్తాలతో, మెడలో పూలదండతో.

ఒకరోజు సుబ్బరత్నం పాపకు టీకా వేయించి వస్తుంటే, ఆ కొట్టు ముందు ఆదాము సైకిల్ మీద, వెనక కుక్కలు తరుముతున్నట్టు తల వంచుకుని తొక్కుతూ పోవడం కనిపించింది. వెనక కుక్కలేమీ లేవు. సాయంత్రం గోడ దగ్గర అడిగింది. ఆ రోజు ఆమె మనసులో వేరే గొడవ నడుస్తోంది. పాపకు కొత్తగూడెంలో ఇద్దరు పిల్లల డాక్టర్లున్నారు. ఇద్దరూ ఒకే చదువు, ఇద్దరికీ మంచి పేరు. ఒకరికి చూపించి ఇంటికొచ్చాక, రెండోవారైతే ఇంకేం చెప్పేవారో అని ఆమె రాత్రంతా కుమిలిపోయేది. అదీ చెప్పింది.

ఆదాము గోడకు ఆనుకుని విన్నాడు. చెయ్యి చంకలో లేదు. గోడ మీద పడి, దాని ఇష్టం వచ్చినట్టు వణుకుతోంది.

పాప ఇప్పుడు బడికి పోతోంది. డాక్టరు దగ్గరైనా, బడి దగ్గరైనా, చివరికి పాప చెప్పుల దగ్గరైనా, సరిసమానమైనవి రెండు ఎదురైతే సుబ్బరత్నం ఆ సాయంత్రం గోడ దగ్గర ఆదాము చెప్పినట్టే చేస్తోంది. భయం పూర్తిగా పోలేదు. కానీ నిద్ర పడుతోంది.

"రెండూ ఒక్క తీరే ఉన్నయంటే నీ చేతికి ఏది అలకగుంటదో అది తెచ్చుకో బిడ్డా. అడిగినోళ్ళకు కారణం చెప్పకు, చెప్తే తగువుకొస్తరు. తెచ్చుకున్నంక రెండో దుకాణం ముందట నుంచి పోకు. పోక తప్పదనుకో, సైకిల్ జోరుగ తొక్కు."